ఎముకలో నీటి తిత్తి: మా అబ్బాయి చేతితో నాలుగేళ్ళు

"ఎక్కడ పడ్డావురా?" అని అడిగాను. "పడలేదమ్మా, బంతి విసిరానంతే" అన్నాడు. నేను నమ్మలేదు.

వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. సాయంత్రం ఆటకెళ్ళినవాడు పావుగంటలో తిరిగొచ్చాడు. కుడి మోచేతిని ఎడమచేత్తో కింద నుంచి పట్టుకుని, నిండు బిందె తొణక్కుండా మోసుకొస్తున్నట్టు మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఏడవడం లేదు, మొహం మాత్రం పాలిపోయింది. చొక్కాకి మట్టి అంటలేదు, మోకాళ్ళు గీసుకుపోలేదు. ఏ గోడో ఎక్కి దూకి ఉంటాడు, చెబితే తిడతానని దాస్తున్నాడు అనుకున్నాను. ఆస్పత్రికి వెళ్ళే దారంతా "నిజం చెప్పు, ఏమీ అననులే" అని సతాయిస్తూనే ఉన్నాను. "విసిరినప్పుడు లోపల టక్కుమందమ్మా" అని మూడుసార్లు చెప్పాడు పాపం. వాడు చెప్పిన ఆ ముక్కలోనే జబ్బు మొత్తం ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు బంతి విసిరితే మామూలుగా ఎముక విరగదు. విరిగిందంటే అది ముందే డొల్లబారి ఉందన్నమాట.

ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు ఎక్స్‌రేని చాలాసేపు చూశాడు. విరిగిన ఎముకని చూడ్డానికి అంతసేపెందుకో నాకర్థం కాలేదు. తర్వాత ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ తెరకి దగ్గరగా వంగి ఏదో గుసగుసలాడుకున్నారు. చివరికి నా దగ్గరకొచ్చి, "విరిగిందమ్మా, కానీ పెద్దగా పక్కకి జరగలేదు, స్లింగ్ చాలు. అయితే ఎముకలో ఏదో ఉంది. పిల్లల ఎముకల డాక్టరుకి చూపించండి" అన్నాడు. ఏదో అంటే ఏమిటి బాబూ అంటే, "వాళ్ళే చెప్తారమ్మా" అన్నాడు. చేతికిచ్చిన కాగితం మీద 'లైటిక్ లీజన్' అని ఉంది.

ఆ రాత్రి వాడు దిళ్ళకి చేరబడి కూర్చునే నిద్రపోయాడు. నేను ఫోన్ పట్టుకుని వంటగదిలో నేల మీద కూర్చున్నాను. లైటిక్ అంటే ఎముక కరిగినట్టు కనిపించే చోటు అని, లీజన్ అంటే మామూలుగా లేని భాగం అని అర్థం. ఆ రెండు మాటల్లో కేన్సర్ అన్న మాటే లేదు. కానీ రాత్రి రెండింటికి వెతికేవాళ్ళకి ముందు దొరికేది అదే. తెల్లారేసరికి నేను పేరు చదవని ఎముక కేన్సర్ లేదు. మధ్యలో మా ఆయన నీళ్ళకోసం లేచొచ్చి, నన్ను చూసి, ఫోన్ లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టారు. కాసేపటికి తనే దాన్ని తీసి చదవడం మొదలుపెట్టారు.

మూడో రోజు పిల్లల ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు మాతో కాక వాడితో మాట్లాడారు. ఎలా విసిరావు, శబ్దం నీకే వినబడిందా, పక్కవాళ్ళకీ వినబడిందా, అంతకుముందు ఆ చేతికి నొప్పి ఉండేదా, రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వచ్చేదా, జ్వరమేమైనా వచ్చిందా. వాడు చెప్పిన ప్రతి మాటా నమ్మి రాసుకున్నారు. నాకు సిగ్గేసింది.

తర్వాత ఎక్స్‌రే తెర మీద పెట్టి మమ్మల్ని దగ్గరికి పిలిచారు. భుజం కీలుకి కాస్త కిందగా, ఎముక సరిగ్గా నడిమధ్యలో, కోలగా ఒక నల్లటి చోటు. దాని చుట్టూ ఎముక గోడ గుడ్డు పెంకులా పల్చబడి ఉంది. ఆ పెంకు ఒకచోట చిట్లింది. విరగడమంటే అదే. ఆవిడ పెన్ను మూతతో ఆ నలుపు అడుగున ఉన్న సన్నటి తెల్ల గీతని చూపించారు. "ఇది చిట్లిన గోడ ముక్కమ్మా. పైనుంచి ఊడి, జారి అడుక్కి చేరింది. లోపల గట్టి గడ్డ ఉంటే ముక్క ఎక్కడిదక్కడే ఇరుక్కుపోతుంది. లోపల నీళ్ళుంటేనే ఇలా మునుగుతుంది." దీన్ని డాక్టర్లు రాలిన ఆకు గుర్తు అంటారట. రెండు రోజులు తిండి లేకుండా చదివిన వాటన్నిటికీ ఆ తెల్ల గీతే జవాబని నాకు వెంటనే తట్టలేదు. మా ఆయనే అడిగారు, "అంటే కేన్సర్ కాదాండీ?" అని. "కాదు. కేన్సర్‌గా మారేదీ కాదు" అన్నారావిడ. అంచులు గీత గీసినట్టున్నాయి, గోడ దాటి బయటికేదీ పొడుచుకు రాలేదు, చుట్టూ కండలో గడ్డ లేదు, పిల్లాడి వయసూ ఎముకలో అది ఉన్న చోటూ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి అని ఒక్కొక్కటే చెప్పారు. ఇంత స్పష్టంగా కనబడుతున్నప్పుడు ముక్క తీసి పరీక్షకి పంపాల్సిన పని సాధారణంగా ఉండదన్నారు.

దీని పేరు సింపుల్ బోన్ సిస్ట్. యూనికామరల్ బోన్ సిస్ట్ అని కూడా రాస్తారు, అంటే ఒకే గదిలా ఉన్న తిత్తి అని. జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో 1876లోనే దీని గురించి రాశాడు. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో కనబడుతుంది, ఆడపిల్లలకంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు. ఇది రావడానికి అన్నిటికంటే ఇష్టపడే చోటు జబ్బ ఎముక పైభాగం, దాని తర్వాత తొడ ఎముక పైభాగం. నొప్పి ఉండదు, వాపు ఉండదు. అందుకే చాలామందికి ఎముక విరిగేదాకా అది ఉన్నట్టే తెలియదు. కొందరికి వేరే దేనికో ఎక్స్‌రే తీయిస్తే అనుకోకుండా బయటపడుతుంది.

ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకి మాత్రం తిన్నగా జవాబు దొరకలేదు. ఎముక లోపలి రక్తం వెనక్కి పోయే దారి మూసుకుపోయి, నీరు ఊరి, ఒత్తిడి పెరిగి ఎముకని తినేస్తుందని ఒక వాదన ఉంది. ఆ నీటిలో ఎముకని కరిగించే ప్రోస్టాగ్లాండిన్ లాంటి పదార్థాలు ఉంటాయని తేలింది. ఇంతకు మించి ఖాయంగా చెప్పలేం అన్నారు డాక్టరు. ఈలోగా మా చుట్టాలందరి దగ్గరా జవాబులున్నాయి. పాలు సరిగ్గా తాగించలేదు. ఎండలో ఆడనివ్వలేదు. గర్భంతో ఉన్నప్పుడు నేను మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. మా అత్తయ్యగారైతే ఏడాది కిందట సైకిల్ మీంచి పడిన దెబ్బ లోపల గడ్డ కట్టిందని తేల్చేశారు. అది నేనూ నమ్మాను, ఎందుకంటే ఆ రోజు సైకిల్ వెనక పట్టుకుని వదిలేసింది నేనే. డాక్టరుని అడిగితే నవ్వలేదు, విసుక్కోలేదు. "దెబ్బ వల్ల కాదమ్మా. కాల్షియం తక్కువై కూడా కాదు. మీరు చేసిందీ చెయ్యందీ ఏమీ లేదు" అన్నారు. కాల్షియం టానిక్ మాత్రం ఇంటికి రెండు సీసాలు వచ్చి చేరాయి. ఎవరి తృప్తి వాళ్ళది.

ఎమ్మారై వెంటనే వద్దన్నారు. కొత్తగా విరిగినప్పుడు తిత్తిలోకి రక్తం చేరి, నీరూ రక్తమూ పొరలుగా పేరుకుంటాయి. అప్పుడు స్కాన్ తీస్తే రక్తంతో నిండే ఇంకో రకం తిత్తిలా, అంటే ఎన్యూరిస్మల్ బోన్ సిస్ట్ అనేదానిలా కనబడి కంగారు పెడుతుందట. ఆ రకం కాస్త దూకుడుగా పెరుగుతుంది, వైద్యం కూడా వేరు. కాబట్టి ముందు విరిగింది అతుక్కోనివ్వండి, తర్వాత చూద్దాం అన్నారు.

ఆరు వారాలు స్లింగ్. పడుకుంటే ఎముక ముక్కలు కదిలి నొప్పి పుడుతుందని మొదటి పది రోజులూ వాలు కుర్చీలోనే నిద్ర. చొక్కా తొడిగేటప్పుడు ముందు దెబ్బ చెయ్యి, విప్పేటప్పుడు ఆఖరున దెబ్బ చెయ్యి. ఇది తెలిసేలోపు మేం ఇద్దరం రెండుసార్లు ఏడ్చాం. చంక కడగడం పెద్ద సమస్య. స్లింగ్ లోపల రోజంతా చెమట పట్టి చర్మం పాచిపోతుంది, చెయ్యి ఎత్తే వీలు లేదు. నర్సు ఒక కిటుకు చెప్పింది. పిల్లాణ్ణి నిలబెట్టి నడుం దగ్గర ముందుకి వంచితే చెయ్యి దానంతటదే కిందకి వేలాడుతుంది. చంకకీ చేతికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వస్తుంది. అందులోంచి తడిగుడ్డ పోనిచ్చి తుడిచి, పొడిగుడ్డతో అద్దాలి. వాడు గంట లోలకంలా చెయ్యి వేలాడేసి "తొందరగా అమ్మా" అనడం ఇప్పటికీ చెవిలో ఉంది.

అతుక్కోవడం మాత్రం మామూలు ఎముకలాగే అతుక్కుంది. తిత్తి ఉంది కదా, అతుక్కుంటుందో లేదో అన్న భయం అనవసరం. నా ఆశ ఇంకోటి. విరిగినప్పుడు తిత్తిలో నీరు బయటికి పోయి, అతుక్కునే ఎముకే లోపలి ఖాళీని పూడ్చేయడం కొందరిలో జరుగుతుందట. పదిమందిలో ఒకరికి అనుకోండి, ఎక్కువ ఆశ పెట్టుకోకండి అని డాక్టరు ముందే చెప్పారు. నేను పూర్తిగా పెట్టుకున్నాను. ఆరు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో విరిగిన చోట తెల్లగా కొత్త ఎముక కట్టింది. ఆ పక్కనే నల్లటి గుంట అలాగే ఉంది. మొదటి రోజు కంటే ఆ రోజే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

అసలు తేల్చుకోవాల్సింది అక్కడ మొదలైంది. ఇంకో చోట రెండో అభిప్రాయం కోసం వెళితే అక్కడి డాక్టరు ఐదు నిమిషాల్లో తేల్చేశారు. తెరిచి, తిత్తి గోడ గీకేసి, ఎముక పొడితో నింపేస్తే సరి, వచ్చే వారమే చేసేద్దాం అన్నారు. ఆ ధీమా నాకు నచ్చింది, నిజం చెప్పాలంటే. ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది కదా. మా డాక్టరు దగ్గరికి తిరిగొచ్చి అడిగితే, ఆవిడ కాగితం మీద ఎముక బొమ్మ వేశారు. భుజం గుండ్రం కింద అడ్డంగా ఒక గీత. అది గ్రోత్ ప్లేట్, ఎముక పొడుగు పెరిగే చోటు. జబ్బ ఎముక పొడుగులో 80 శాతం దాకా ఆ ఒక్క గీత దగ్గరే పెరుగుతుందట, మోచేతి వైపు నుంచి వచ్చేది కొంచెమే. మావాడి తిత్తి ఆ గీతని ఆనుకుని ఉంది. అలా ఆనుకుని ఉన్నదాన్ని యాక్టివ్ అంటారు, ఇంకా పెరిగే రకం. అక్కడ గీకడానికి పోతే గ్రోత్ ప్లేట్‌కి దెబ్బ తగలొచ్చు, చెయ్యి పొట్టిగా ఆగిపోవచ్చు. పైగా పదేళ్ళలోపు పిల్లల్లో ఏం చేసినా మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. తొడ ఎముకలో ఉంటే ఒళ్ళంతా దాని మీదే మోస్తాం కాబట్టి ఇంతసేపు ఆలోచించేదాన్ని కాదు, చెయ్యి కాబట్టి ఆగడానికి వీలుంది అన్నారు.

ఆగాం. నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే. ఆవిడ చూసేవి మూడే: గోడ మందం, ఎముక అడ్డంలో ఎంత భాగం తిత్తి ఆక్రమించింది, గ్రోత్ ప్లేట్‌కి అది ఎంత దూరంలో ఉంది.

పది నెలల తర్వాత మళ్ళీ విరిగింది. ఈసారి బంతి కూడా లేదు. అక్కతో దిండు కోసం లాగులాడుకున్నాడు. మంచం మీదే. మా అమ్మాయి ఆ దిండుని ఇప్పటికీ వాడదు.

ఆ రాత్రి కూడా నేను ఫోన్ పట్టుకున్నాను, కానీ ఈసారి వెతికిన మాటలు వేరు. రెండోసారి విరిగాక ఇంక చూస్తూ కూర్చోవద్దని డాక్టరే అన్నారు. గోడ మరీ పల్చగా ఉంది, పిల్లాడు ప్రతి చిన్నదానికీ భయపడుతున్నాడు. విరిగింది అతుక్కున్నాక ఎమ్మారై తీశారు. లోపల నీళ్ళే, ఒకే గది, అనుమానించేదేమీ లేదు. ఇక సూదితో ఇంజెక్షనా, ఎముక లోపల సన్నటి టైటానియం తీగల్లాంటి కడ్డీలు పెట్టడమా, తెరిచి గీకడమా అన్నది మిగిలింది. కడ్డీల వల్ల ఎముకకి ఆసరా దొరుకుతుంది, స్లింగ్ తొందరగా తీసేయొచ్చు, తిత్తిలోని నీటికి దారి ఏర్పడుతుంది. కానీ పెట్టడానికొక ఆపరేషన్, తీయడానికొకటి. మేం ఇంజెక్షన్ వైపు మొగ్గాం.

ఈ పద్ధతి తెచ్చింది ఇటలీకి చెందిన స్కాలియెట్టి అనే ఆర్థోపెడిక్ సర్జన్. తిత్తి లోపలికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించి ఫలితాలని 1979లో ప్రచురించాడు. స్టెరాయిడ్ అనగానే మా ఇంట్లో గోల. రోజూ నెలల తరబడి మింగే మాత్రలూ, ఎముకలో ఒక చోట ఎప్పుడో ఒకసారి ఇచ్చేదీ ఒకటి కాదని ముందు నేను అర్థం చేసుకుని, తర్వాత ఒక్కొక్కరికీ చెప్పుకొచ్చాను. దానికి బదులు పిల్లాడి తుంటి ఎముకలోంచి మజ్జ తీసి ఎక్కించొచ్చని కూడా చదివాను. సొంత మజ్జ అంటే సహజం కదా అనిపించింది. డాక్టరుకి చెబితే, 2008లో ఈ రెంటినీ పోల్చి చూసిన పరిశోధన గురించి చెప్పారు. పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, రెండేళ్ళ పాటు చూశారు. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలో 42 శాతం మందికి మానింది, మజ్జ ఎక్కించినవాళ్ళలో 23 శాతం మందికి. అంటే మెరుగైన మందు కూడా సగానికి పైగా మందికి పని చెయ్యలేదు. ఆ అంకె విన్నాక నేను నిరాశపడాలి, కానీ ఎందుకో కుదుటపడ్డాను. ఒక్కసారికి తగ్గకపోతే అది మా దురదృష్టం కాదు, జబ్బు తీరే అంత అని ముందే తెలిసింది. "ఒకటి సరిపోదు, రెండో మూడో పడతాయనే అనుకోండి" అన్నారు డాక్టరు.

మత్తు ఇచ్చి చేస్తారు, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. కోత లేదు, కుట్లు లేవు. ఎక్స్‌రేని వీడియోలా చూపించే యంత్రం కింద చెయ్యి పెట్టి, భుజం పక్కనుంచి రెండు సూదులు తిత్తిలోకి దించుతారు. పల్చబడ్డ గోడ కాబట్టి పెద్ద బలం అక్కర్లేదట. ఒక సూది లోపలికి, ఒకటి బయటికి. మొదట నీరు లాగుతారు. తర్వాత రంగు మందు పంపి, తిత్తి మొత్తానికీ చేరిందా, లోపల ఎక్కడైనా అడ్డుగోడలున్నాయా అని చూస్తారు. ఆఖరున స్టెరాయిడ్.

పని అయ్యాక డాక్టరు బయటికొచ్చి, మాస్క్ కిందకి లాగి, జేబులోంచి చిన్న గాజు సీసా తీసి చూపించారు. అందులో నీరు. పల్చటి తేనె రంగు, ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళలా ఉంది. లైటుకి అడ్డం పెడితే అవతల ఆవిడ వేళ్ళు కనబడుతున్నాయి. "ఇంత తేటగా ఉంటే మంచిదే. మనం అనుకున్నదే ఇది" అన్నారు. ఏడాదికి పైగా మా ఇంటిని తలకిందులు చేసినది రెండు చెంచాలు కూడా లేదు. మూత తీసి వాసన చూడాలనిపించింది నాకు, ఎందుకో తెలియదు. అడగలేదు. ల్యాబ్‌కి పంపారు, రిపోర్టులో ఏమీ లేదు.

మొదటి ఇంజెక్షన్ తర్వాత రెండు నెలలకి తీసిన ఎక్స్‌రేలో పెద్ద తేడా లేదు. రెండోది ఇచ్చారు. ఈసారి మూడు నెలలకి గోడ కాస్త మందమైంది, నల్లటి గుంటలో పొగమంచు పట్టినట్టు ఒక మసక. ఆ మసకే కొత్త ఎముక. నాకు కనబడలేదు, పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గానీ. ఇంకో ఆరు నెలలకి కింది సగం తెల్లబడి, పైన చిన్న జేబులా ఒక చోట మిగిలిపోయింది. దానికి మూడోది. అంతటితో సూదులు అయ్యాయి.

ఆస్పత్రి సంగతి ఇంతే. రాయాల్సింది ఎక్కువ ఉన్నది ఆటల గురించి.

డాక్టరు చెప్పింది తేలిక: ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆటలొద్దు, గట్టిగా విసరొద్దు, కడ్డీలు పట్టుకుని వేలాడొద్దు. పరుగులు, నడక, గోడ మందమైందని చూశాక ఈత, అన్నీ చెయ్యొచ్చు. చెయ్యకూడనివి మూడు, చెయ్యదగ్గవి ముప్ఫై. ఇంటికొచ్చేసరికి ఆ మూడే మిగిలాయి. మెట్లు దిగుతుంటే "మెల్లగా", పుస్తకాల సంచి ఎత్తబోతే "నువ్వొద్దు". స్కూల్లో ఆటల మాస్టారికి ఉత్తరం ఇస్తే ఆయన జాగ్రత్త కొద్దీ వాణ్ణి పూర్తిగా బయట కూర్చోబెట్టి స్కోరు రాయించారు. ఏడాది పాటు వాడు స్కోరు రాశాడు. అంకెలు ముత్యాల్లా వచ్చాయి, కానీ రాయనప్పుడు ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే. ఎవరైనా పక్కనుంచి వెళితే భుజం ముడుచుకునేవాడు. విరిగిన నొప్పి మొత్తం కలిపి నెల రోజులుంటుందేమో. ఆ ముడుచుకోవడం రెండేళ్ళుంది. అందులో సగం వాటా నాది.

ఒకసారి చెకప్‌లో డాక్టరు రెండు చేతులూ పైకెత్తమన్నారు. ఎడమది చెవిని తాకింది. కుడిది భుజం దాటి కాస్త పైకెళ్ళి ఆగిపోయింది. తిత్తి వల్ల కాదు, చెయ్యి వాడకపోవడం వల్ల. కండ కరిగిపోయింది, భుజం బిగుసుకుంది. ఆవిడ మొదటిసారి నా మీద కోప్పడ్డారు. "ఎముకని కాపాడుతున్నాననుకుని చేతిని పోగొడతారా అమ్మా? ఎముక గట్టిపడాలంటే దాన్ని వాడాలి" అన్నారు.

ఫిజియోథెరపిస్టు నేర్పిన వాటిలో మాకు అచ్చొచ్చింది గోడ మీద వేళ్ళ నడక. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో సాలీడులా పైకి పాకాలి, ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాలి. మొదటి రోజు గీత వాడి కళ్ళకి తిన్నగా ఉంది. పక్కన తేదీ రాశాడు. వారానికో గీత. స్కోరు రాయడం అలవాటైన చెయ్యి కదా, కింద ఎన్ని రోజులు చేశాడో కూడా లెక్క రాసేవాడు. ఒక వారం గీత పాతదాని కంటే కిందకి వచ్చింది. పెన్సిల్ విసిరేశాడు. ఎడమచేత్తోలెండి. మూడున్నర నెలలకి తలుపు చట్రం పై అంచు అందుకున్నాడు. తర్వాత ఇంటికి రంగులు వేసినప్పుడు ఆ జానెడు వెడల్పు మాత్రం వదిలేయమని మా ఆయన పెయింటర్‌కి చెప్పారు. గదికి అది అందం కాదు.

ఆటల మాస్టారికి ఈసారి డాక్టరు చేతే రాయించాను: ఏమేం చెయ్యొచ్చో మాత్రమే రాయమని అడిగాను. ఆ కాగితం చాలా తేడా చేసింది. తనకి తిత్తి ఉందని క్లాసులో చెప్పుకోవడానికి వాడు ఇష్టపడలేదు, మేం బలవంతపెట్టలేదు. "ఎముకలో బుడగ ఉంది" అని ఒక్క స్నేహితుడికి చెప్పాడట. ఆ స్నేహితుడు "పేలుతుందా?" అని అడిగాడట. వారం పాటు ఇద్దరూ అదే పనిగా నవ్వుకున్నారు.

పదకొండో ఏట తీసిన ఎక్స్‌రేలో తిత్తి కిందకి జరిగిందని నేను కంగారుపడ్డాను. గ్రోత్ ప్లేట్ నుంచి రెండు వేళ్ళ దూరం కనబడింది. డాక్టరు తన పాత బొమ్మ కాగితం ఫైల్లోంచి తీసి, అడ్డగీతకీ గుంటకీ మధ్య ఇంకాస్త ఎముక గీసి చూపించారు. తిత్తి ఎక్కడికీ పోలేదు, ఉన్న చోటే ఉంది. దాని పైన కొత్త ఎముక పుట్టుకొచ్చి గ్రోత్ ప్లేట్‌నే దూరం జరిపింది. రైల్లో కూర్చుంటే చెట్లు వెనక్కి పోయినట్టు. గ్రోత్ ప్లేట్ దాన్ని వదిలిపోయిందంటే తిత్తి నిద్రపోయే దశకి వచ్చినట్టు, మళ్ళీ పెరగడం అరుదు. ఇప్పుడున్న జేబు చిన్నది, చుట్టూ గోడ గట్టిది, ఇక సూదులక్కర్లేదు అన్నారు.

కుడి చెయ్యి ఎడమ దానికంటే ఒక సెంటీమీటరు పొట్టి. టేపు పెట్టి కొలిస్తే తెలుస్తుంది, చూస్తే తెలియదు. పొడుగు చేతుల చొక్కా వేసినప్పుడు వాడికి తెలుస్తుందట, కుడి మణికట్టు కాస్త లోపలుంటుంది. తిత్తి గ్రోత్ ప్లేట్‌ని ఆనుకుని ఉన్నవాళ్ళలో ఇలాంటి తేడా కొందరికి వస్తుందని ముందే విన్నాం. మగపిల్లలకి 16, 18 ఏళ్ళ మధ్య ఆ గీత మూసుకుపోయేదాకా ఏడాదికోసారి ఎక్స్‌రే తీసి, పొడుగు కూడా కొలుస్తామన్నారు.

పోయిన నెల, వాడికి పన్నెండు నిండాక, డాక్టరు ఫిల్ము చూసి, చెయ్యి అటూ ఇటూ తిప్పి, వెనక్కి వాలి, "ఇంక విసరొచ్చు" అన్నారు. వాడు "ఎంత గట్టిగా?" అని అడిగాడు. "నీ ఇష్టమొచ్చినంత."

ఆ సాయంత్రమే మైదానానికెళ్ళాం, నేనూ వాడూ. దూరంగా నిలబడి చూస్తున్నాను. అరచేతులు చెమట పట్టాయి, "మెల్లగా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వాడు నాలుగడుగులు పరిగెత్తి, ఒళ్ళంతా విల్లులా వంచి, బంతి విసిరాడు. ఎడమచేత్తో.

"కుడి చేత్తో వెయ్యొచ్చన్నారు కదరా!" అని అరిచాను.

"తెలుసమ్మా" అన్నాడు బంతి కోసం పరిగెడుతూ. "ఎడమది బాగా పడుతోంది."